సినిమా చూసి చేసిన ఫోన్

సినిమాల్లో ముఠా నాయకులకు ఒక మంచి గుణం ఉంది. తెర మీదికి రాగానే వీడేనని తెలిసిపోతుంది. చెంప మీద గాటు, వేళ్ళ నిండా ఉంగరాలు, వెనక నలుగురు బండవాళ్ళు. వాడు నవ్వాడంటే ఎవడో చస్తాడని అర్థం. నేను అద్దెకు తెచ్చుకుని చదివిన హిందీ కామిక్సుల్లో అయితే ఇంకా సుఖం. విలన్ మొహానికి ఆకుపచ్చ రంగు వేసేవాళ్ళు. పొరపాటు పడదామన్నా వీలుండేది కాదు.

ఈ చదువు నాకు చిన్నప్పుడే అబ్బింది. నాన్న గూడ్సు బండి గార్డు. మా కిరండూల్ గనుల్లో ఇనుపరాయి నింపుకుని ఘాట్ దిగే బండి చివరి పెట్టెలో ఒక్కడే కూర్చుని విశాఖ దాకా వెళ్ళేవాడు. కాలక్షేపానికి తెలుగు డిటెక్టివ్ పుస్తకాలు. ఆయన చదివి పడేసినవి నేను చదివేదాన్ని. బజార్లో తాడుకు వేలాడదీసి అద్దెకిచ్చే కామిక్సులు సరేసరి. శనివారం సాయంత్రం కంపెనీ గ్రౌండులో తెర కట్టి సినిమా వేస్తే, చాప చంకన పెట్టుకుని అందరికంటే ముందు నేనే. ఇప్పుడు నలభై ఆరేళ్ళొచ్చాయి. బజార్లో ఆన్‌లైన్ ఫారాలు నింపే దుకాణం నడుపుతున్నాను. అయినా నిరుటిదాకా ఫోన్లో కొత్త ముఠా సినిమా వచ్చిందంటే నాకు తిండి అక్కర్లేకపోయేది. ఎవడు ఎవడికి వెన్నుపోటు పొడుస్తాడో ముందే చెప్పేసి మా ఆయన చేత తిట్లు తినేదాన్ని.

ఈ తెలివి వల్లే మా ఎదురింటి పిన్ని పదకొండు నెలలుగా విశాఖపట్నం జైల్లో ఉంది. మొన్నటిదాకా అది ఎవరితోనూ అనలేక, అనకుండా ఉండలేక, ఇంట్లో ఆ గదిలోంచి ఈ గదిలోకి తిరుగుతూ ఉండేదాన్ని. కుక్కర్ పెట్టి మర్చిపోయేదాన్ని. దుకాణంలో ఒకరి ఫారంలో ఇంకొకరి తండ్రి పేరు కొట్టేదాన్ని. "కుదురు నేని పిల్ల" అని అమ్మ చిన్నప్పటి నుంచీ అంటూనే ఉంది. అప్పట్లో అది ఊరికే అనే మాట.

ముందు మా వీధి సంచుల సంగతి చెప్పాలి. కిరండూల్ స్టేషన్ వెనక వీధిలో మేమంతా విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే ఉద్యోగాలకొచ్చిన కుటుంబాల వాళ్ళం. రిటైరయ్యాక కూడా వెనక్కి పోకుండా ఇక్కడే రేకుల ఇళ్ళు కట్టుకుని ఉండిపోయాం. పొద్దున్నే బయలుదేరే పాసింజరులో ఎవరు విశాఖ వెళ్తున్నా, వీధి వీధంతా వాళ్ళ చేతికి సంచులిస్తుంది. కూతురికి చింతపండు, మరదలికి ఇప్పపువ్వు, బాలింతకు ఉసిరికాయలు. వచ్చేటప్పుడు అవే సంచులు మందులతో, ములక్కాడలతో, ఎండుచేపలతో తిరిగొస్తాయి. ఏది ఎవరిదో తెలియడానికి పిడికి పాత చీర అంచు ముక్క కడతారు. మాది పసుపు అంచు. పిన్నిది నీలం. విశాఖ ప్లాట్‌ఫారం మీద సంచి కోసం వచ్చినవాళ్ళు మనిషి మొహం చూడరు, ఆ గుడ్డపీలిక చూస్తారు.

దీనికి నియమం ఒక్కటే. సంచి విప్పకూడదు, లోపల ఏముందని అడగకూడదు. బయట మా బతుకంతా సంచులు విప్పి చూపించడమే. బస్సెక్కితే చెక్‌పోస్టు దగ్గర విప్పు, పోలీసు క్యాంపు దగ్గర విప్పు. దంతెవాడ దాకా వెళ్ళి రావాలంటే నా అన్నం డబ్బా కూడా మూత తీసి చూపించాలి. అందుకేనేమో, మాలో మేము విప్పుకోకపోవడం పెద్ద మర్యాదగా పెట్టుకున్నాం. కొత్తగా కాపురానికొచ్చిన ఒకావిడ తెలియక "ఇందులో ఏముందండీ?" అని అడిగింది. ఏడాది పాటు ఆమె చేతికి ఎవరూ సంచివ్వలేదు.

అమ్మకు నాన్న పోయాక కూడా రైల్వే పాసు ఉంది. షుగరు, కళ్ళు చూపించుకోవడానికి నెలకోసారి విశాఖ రైల్వే ఆసుపత్రికి వెళ్ళేది. డెబ్భై దాటినా ఒక్కతే వెళ్ళేది. సంచులన్నీ సీటు కింద వరుసగా పెట్టుకుని, స్టేషన్ వచ్చినప్పుడల్లా వంగి లెక్కపెట్టుకునేది. అమ్మ చేతికిచ్చిన సంచి ఎన్నడూ పోలేదు. ఆ పేరు ఆమెకు ప్రాణం.

పిన్ని అంటే రక్తసంబంధం కాదు. ఆమె భర్త గ్యాంగ్‌మన్, మా నాన్న కంటే ముందే పోయాడు. పిల్లల్లేరు. ఇక్కడి నుంచి బుట్టల్లో చింతపండు తీసుకెళ్ళి విశాఖలో అమ్మి, అవే బుట్టల్లో ఎండు నెత్తళ్ళ చేపలు తెచ్చి ఆదివారం సంతలో అమ్ముకునేది. మెడలో సిలువ, నోట్లో బూతులు. అమ్మను అక్క వరసలో "అప్పా" అనేది, నన్ను "అమ్మీ" అనేది. ఆమె బుట్టల కంపుకు రైల్లో ఎవరూ పక్కన కూర్చోరు. టీసీ కూడా దూరం నుంచే చెయ్యి ఊపి వెళ్ళిపోతాడు. ఇక ఆమె నోటి సంగతి చెప్పక్కర్లేదు. ఆమెకో మాట చెబితే పక్క ఊరు బచేలి దాకా చెప్పినట్టే.

ఇక గొడుగాయన. కొంటా ఊరి వైపు నుంచి వచ్చేవాడు. అరవై ఏళ్ళుంటాయి. మందపాటి కళ్ళద్దాలు, తెల్ల చొక్కా, ఎండైనా వానైనా చేతిలో నల్ల గొడుగు. చింతపండు వ్యాపారమన్నాడు. చెల్లెలు విశాఖలో ఉందన్నాడు. మా సంచుల పద్ధతి ప్లాట్‌ఫారం మీద ఎన్నాళ్ళు నిలబడి చూశాడో గానీ, ఒకరోజు సంచికి ఆకుపచ్చ అంచు కట్టుకుని మరీ మా వరండాలోకి వచ్చాడు. "మా చెల్లె చీర అంచు అక్కా. టేసన్ల నిలబడి ఇది సూసే తీస్కుంటది" అన్నాడు. అమ్మ మురిసిపోయింది. పద్ధతి తెలిసిన మనిషి అంది.

ఆ తర్వాత నెల నెలా వచ్చేవాడు. కుర్చీ వేస్తే కూర్చునేవాడు కాదు. చాప మీదే కూర్చుని మజ్జిగ తాగి అమ్మ మోకాళ్ళ సంగతి అడిగేవాడు. అడవిలో దొరికే గింజల నూనె ఒక సీసా తెచ్చి, ఎలా రాసుకోవాలో తన మోకాలి మీద రాసుకుని చూపించాడు. ఆ నూనెతో నొప్పి తగ్గింది కూడా. నాకు మాత్రం ఆయన వస్తే ఆవలింతలు వచ్చేవి. ఇంత చప్పటి మనిషి ఏ కథలోనూ ఉండడనుకునేదాన్ని. ఎంత గొప్ప పరిశీలన చూడండి నాది!

అసలు సంగతి ఎలుక వల్ల బయటపడింది. ఆ రోజు పొద్దున్న ఆయన సంచి వరండాలో పెట్టి, గొడుగు కూడా అక్కడే మర్చిపోయి బజారుకు వెళ్ళాడు. మర్నాడు అమ్మ ప్రయాణం. మధ్యాహ్నం నేను అన్నానికి వచ్చేసరికి సంచి మూల ఎలుక కొరికి ఉంది. చింతపండు కింద రాలింది. ఏరి లోపల పెడదామని వంగాను. చింతపండు వెనక ఖాకీరంగు టేపు చుట్టిన పొట్లం మూల కనిపించింది. అలాంటి పొట్లాలు పేపర్లో ఎన్నిసార్లు చూశానో. బల్ల మీద గోడలా పేర్చి, వెనక పోలీసులు నిలబడి ఫొటో దిగుతారు. వేలితో నొక్కాను. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. చింతపండు పులుపు వెనక ఇంకో వాసన, గంజాయి.

సిగ్గు లేకుండా చెబుతున్నాను, ముందు నాకు భయం వెయ్యలేదు. ఉత్సాహం వచ్చింది. ఇన్నేళ్ళూ తెర మీద చూసింది మా వరండాలోకి నడిచొచ్చిందని ఒళ్ళు జలదరించింది. ఆ తర్వాత అమ్మ గుర్తొచ్చింది. ఏడు నెలలుగా అమ్మ సీటు కింద పెట్టుకుని లెక్కపెట్టుకుంటున్న సంచులు గుర్తొచ్చాయి.  తలుపు పట్టుకుని నిలబడ్డాను.

గనిలో డంపర్ నడిపే మా ఆయనకు ఫోన్ చేశాను. "చుప్‌చాప్ అమ్మను ఇంట్లో కూర్చోబెట్టు. నీ సినిమా బుద్ధి చూపించకు" అన్నాడు. అంతే చెప్పి పెట్టేశాడు, షిఫ్ట్‌లో ఉన్నాడు.

అమ్మ లోపల పడుకుని ఉంది. గొడుగు కోసం ఆయన ఎలాగూ వస్తాడు. నేను వరండాలో అటూ ఇటూ తిరుగుతూ మాటలు సాధన చేశాను. ఆయన మొహం మారుతుంది, గొంతు తగ్గిస్తాడు, నీ కుటుంబం ఎక్కడుంటుందో నాకు తెలుసంటాడు. వెనక జీపు ఆగుతుంది. అప్పుడు నేను ఇలా అనాలి, అలా అనాలి. వంటింట్లోంచి చేపలు కోసే కత్తిపీట తెచ్చి తలుపు చాటున పెట్టుకున్నాను కూడా. తలుచుకుంటే ఇప్పుడు నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆయన వచ్చాడు. జీపు లేదు, నడిచే వచ్చాడు. "అమ్మకు మోకాళ్ళు బాగా నొప్పిగా ఉన్నాయి. రేపు వెళ్ళడం లేదు. ఇకమీదట కూడా వెళ్ళదు" అన్నాను. 

"అయ్యో, మోకాళ్ళా? నూనె అయిపోయిందా ఏంది?" అన్నాడు. సంచి వైపు చూశాడు. కొరికిన మూల చూశాడు. నా మొహం చూశాడు. వంగి సంచిని తన వైపు తిప్పుకుని, చిరిగిన చోట అరచెయ్యి అడ్డం పెట్టి ఎత్తుకున్నాడు. "ఎలుకలెక్కువైనయ్ బిడ్డా. ఒక పిల్లిని పెంచుకోండ్రి" అన్నాడు. గొడుగు చంకన పెట్టుకుని మెట్లు దిగాడు. అంతే. ఒక్క మాట ఎక్కువ లేదు, ఒక్క చూపు ఎక్కువ లేదు.

దిగినవాడు బజారు వైపు వెళ్ళలేదు. వీధి దాటి పిన్ని గేటు తీశాడు. ఆమె కూడా మర్నాడే విశాఖ వెళ్తోందని వీధిలో ఎవరిని అడిగినా చెబుతారు. నేను కిటికీ ఊచలు పట్టుకుని చూస్తున్నాను. పిన్ని చేతులు తుడుచుకుంటూ వచ్చింది, నవ్వింది, ఏదో అంది, సంచి అందుకుంది. తీసుకెళ్ళి చేపల బుట్టలో పెట్టింది. కంపు కొట్టే ఆ బుట్టను ఎవరూ ముట్టుకోరు. ఆయనకు మా అమ్మ కంటే మంచి మనిషి దొరికింది. ఇరవై అడుగులు నడిస్తే చాలు, ఇంకొకరు.

ఇరవై అడుగులు నేనెందుకు నడవలేదు? వీధి దాటి "పిన్నీ, ఆ సంచి తియ్యకు" అంటే అయిపోయేది. ఈ ప్రశ్న నన్ను నేను రోజూ వేసుకుంటాను. పిన్నికి చెబితే, నీకెలా తెలుసంటుంది. ఇన్నాళ్ళూ అమ్మ మోసిందని చెప్పాలి. ఆమె నోట్లో ఆ మాట పడితే సాయంత్రానికి స్టేషనంతా తెలుస్తుంది. పోలీసులు మా గుమ్మం ఎక్కుతారు. అమ్మ పేరు పోతుంది, అమ్మే పోతుంది. ఈ భయం నిజమే. దానితో పాటు ఇంకోటి కూడా నిజం, దాచను. నా బుర్రలో అప్పటికే ఒక సీను తయారైంది.

ఎన్ని సినిమాల్లో చూడలేదు? పోలీసులకు ఒక అజ్ఞాత ఫోన్ వెళ్తుంది. మఫ్టీలో ఉన్నవాళ్ళు సరుకు వెనకే నడుస్తారు, కానీ మోసేవాళ్ళను ముట్టుకోరు. తీసుకోవడానికి ఎవడొస్తాడో వాడి వెనక పడతారు. వాడు పెద్దవాడి దగ్గరికి తీసుకెళ్తాడు. తలుపు తన్ని లోపలికి దూకుతారు. అమాయకురాలైన మోసిన మనిషిని సాక్షి అంటారు, మంచినీళ్ళిస్తారు. నేను అలాగే అనుకున్నాను. దేవుడి మీద ఒట్టు, అక్షరం పొల్లు పోకుండా అలాగే జరుగుతుందనుకున్నాను.

స్టేషన్లో పోలీసులు అంటించిన పోస్టరు మీది నంబరుకు ఫోన్ చేశాను. ఏ బండి, ఏ పెట్టె, చేపల బుట్ట, ఆకుపచ్చ అంచు, అన్నీ చెప్పాను. "మోస్తున్నావిడకు ఏమీ తెలియదండీ. ఆవిణ్ణి పట్టుకోకండి. విశాఖలో తీసుకోవడానికి ఒకామె వస్తుంది, ఆమె వెనక వెళ్ళండి" అన్నాను. అవతలి మనిషి ఓపిగ్గా విని సరేనమ్మా అన్నాడు. నా పేరు అడిగితే పెట్టేశాను. అమ్మతో, ఆసుపత్రిలో డాక్టరు సెలవులో ఉన్నాడట, ఈ నెల వద్దులే అని చెప్పాను.

మర్నాడు పొద్దున్న స్టేషన్‌కు వెళ్ళాను. వెళ్ళకుండా ఉండలేకపోయాను. పిన్ని కిటికీ పక్కన బుట్టల మధ్య కాళ్ళు బార చాపుకుని కూర్చుంది. నన్ను చూసి అరిచింది. "ఏటే అమ్మీ, ఇంత పొద్దున్నే వచ్చీసినావు? నెత్తళ్ళు గావాలేటి? మీ ఆయనకి ఇష్టం గదా, వచ్చీటప్పుడు తెత్తాను."

"వద్దు పిన్నీ" అన్నాను.

"వద్దేటి?"

"ఇప్పుడొద్దు."

బండి కదిలింది. ఇప్పటికైనా చెప్పు, ఇప్పటికైనా చెప్పు అని లోపల ఎవరో పొడుస్తూనే ఉన్నారు. నేను చెయ్యి ఊపాను.

విశాఖ ప్లాట్‌ఫారం మీద పిన్నిని పట్టుకున్నారు. సంచి తీసుకోవడానికి ఏ చెల్లెలూ రాలేదు. వచ్చిందేమో, పోలీసుల్ని చూసి పక్క నుంచి వెళ్ళిపోయిందేమో, ఎవరికి తెలుసు? ఎవరూ ఎవరి వెనకా వెళ్ళలేదు. సంచి ఎవరి బుట్టలో ఉంటే దొంగ వాళ్ళే. నేనే పోలీసునైనా అంతకంటే ఏం చేస్తాను? మూడో రోజు పేపర్లో ఫొటో వచ్చింది. బల్ల మీద పొట్లాలు, పక్కన చేపల బుట్ట, వెనక మొహానికి ముసుగేసిన ఆడమనిషి. చీర చూసి గుర్తుపట్టాను. ముఠా పట్టుబడిందని రాశారు. ముఠా అంటే మా పిన్ని ఒక్కతే.

ఆ పేపరు పొయ్యిలో పెట్టాను. అమ్మకు చూపు ఆనదు, చదవలేదు. పిన్నికి రైల్లో ఎవరో సంచి అంటగట్టారట అని చెప్పాను. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. వీధిలో సంచులు ఆగిపోయాయి. గొడుగాయన పేరు ఎవరూ ఎత్తలేదు. అందరికీ భయం.

ఇక నేను వాళ్ళ కోసం ఎదురుచూశాను. సినిమా ప్రకారం ఇప్పుడు వాళ్ళు రావాలి. ఫోన్ చేసిందెవరో కనిపెట్టాలి, దుకాణం తగలబెట్టాలి, గుమ్మంలో ఏదో పడేసి పోవాలి. దుకాణం ముందు మోటార్‌సైకిల్ ఆగితే లేచి నిలబడేదాన్ని. మా ఆయన షిఫ్ట్ నుంచి పది నిమిషాలు ఆలస్యమైతే గేటు దాకా పరిగెత్తేదాన్ని. ఎవరూ రాలేదు. రెండు నెలల తర్వాత సంతలో వెనక నుంచి "ఏం బిడ్డా, అమ్మ మోకాళ్ళు ఎట్లున్నయ్?" అని వినిపించింది. ఆయనే. అదే చొక్కా, అదే గొడుగు. చేతిలో చిక్కుడుకాయల పొట్లం. కళ్ళద్దాల వెనక కోపం లేదు, హెచ్చరిక లేదు. నిజంగానే మోకాళ్ళ గురించి అడిగాడు.

నా నోట్లోంచి "పర్లేదండీ" అని వచ్చింది. ఆయన తల ఊపి వెళ్ళిపోయాడు. నేను అక్కడే ఉల్లిపాయల రాశి పక్కన కూలబడ్డాను. వాళ్ళకు నా మీద కోపం కూడా లేదు! కోపం రావడానికి నేనెవరిని? పిన్ని ఎవరు? ఒక చెయ్యి పోతే ఇంకో చెయ్యి. ఆయనైనా పెద్దవాడో, మాలాగే ఎవరి సంచో మోస్తున్నవాడో నాకు ఈ రోజుకీ తెలియదు. పోలీసులకు ఆయన గురించి పిన్ని చెప్పిందట. గొడుగు పట్టుకున్న ముసలాయన అంటే ఎవరని వెతుకుతారు? అప్పటి నుంచి నేను ముఠా సినిమా చూడలేదు. మా ఆయన పెడితే లేచి వెళ్ళిపోతాను.

పిన్నికి చర్చి వాళ్ళు ఒక వకీలును పెట్టారు. సరుకు బరువు ఎక్కువ కాబట్టి బెయిలు రెండుసార్లు రాలేదు. వకీలు మా వీధికి కబురు పెట్టాడు. మీలో సంచులు మోసే అలవాటు ఉందనీ, విప్పి చూడరనీ, అదే మనిషి ఇంతకుముందు కూడా ఇలాగే సంచులిచ్చాడనీ ఎవరైనా వచ్చి చెబితే ఆమెకు దారి దొరుకుతుందన్నాడు. అలా చెప్పినవాళ్ళను కూడా కేసులో చేర్చే ప్రమాదం ఉందని దాచకుండా చెప్పాడు. వీధిలో ఎవరూ కదల్లేదు. ఆ కబురు అమ్మ చెవిన పడకుండా నేను చూసుకున్నాను. చెప్పగలిగిన ఇల్లు ఒక్కటే, అది మాది.

పిన్నిని చూడ్డానికి అప్పటికి మూడుసార్లు వెళ్ళాను. మూడుసార్లూ అసలు మాట చెప్పలేక తిరిగొచ్చాను. నాలుగోసారి ఈ నెల మొదట్లో వెళ్ళాను. ములాఖత్ గదిలో ఇనుప జాలీకి అవతల పిన్ని నిలబడి ఉంది. మనిషి సగమైంది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించి మాట్లాడింది. ఆమె గొంతు తగ్గించడం నేను నా జన్మలో చూడలేదు.

"అమ్మీ, పోలీసోలు మొదట్లోనే అడిగినారు, మీ ఈదిలో ఇంకెవులు మోసినారని. ఎవులూ నేరన్నాను. ఆ గొడుగోడు నెల నెలా మీ ఇంటికొచ్చీవోడని నాకు తెల్దేటి? అప్ప పేరు నా నోట్లోంచి రానియ్యనేదు. నువ్వు బెంగెట్టుకోకు."

తెర మీద ముఠావాళ్ళు ప్రాణం పోయినా పేరు చెప్పరని చూపిస్తారు, చూసి నేను చప్పట్లు కొట్టాను. పేరు చెప్పని మనిషి ఇక్కడుంది. చేపలమ్ముకునే మనిషి. ఆమె నోటికి భయపడే నేను ఆ రోజు వీధి దాటలేదు.

"పిన్నీ, ఫోన్ చేసింది నేనే" అన్నాను.

 నేను ఏడుస్తూ అంతా చెప్పాను. ఎలుక, టేపు, అమ్మ, పోస్టరు, అంతా. 

"నెత్తళ్ళు వద్దన్నావు" అంది పిన్ని. "అప్పుడే అనుకున్నాను. ఎన్నడూ వద్దననిదానివి."

తిడుతుందేమోనని చూశాను. తిడితే బాగుండేది. "అప్పకి తెల్సా?" అని అడిగింది. తెలియదన్నాను. "సెప్పకు. ముసిల్దానికి ఏడు సంచులు మోసినానని తెలిస్తే బతకదు. నానొకద్దాన్ని సాల్లే" అంది. టైమైపోయిందన్నారు. తిరిగి చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది.

తిరుగు బండిలో సీట్లో కూర్చోలేకపోయాను. ఘాట్ ఎక్కినంతసేపూ తలుపు దగ్గర నిలబడ్డాను. చెప్పకూడదని ఆమె మాట, చెప్పకపోతే ఆమె అక్కడే. ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా అమ్మ మంచం పక్కన నిలబడి చెప్పేశాను. గొడుగాయన సంచి సంగతి, ఫోన్ సంగతి, వకీలు మాట, కేసులో చేరుస్తారేమోనన్న మాట, ఏదీ దాచలేదు.

అమ్మ ఏడవలేదు. మోకాలి మీద చెయ్యి పెట్టుకుని వేళ్ళు ముడుస్తూ ఏదో లెక్కపెట్టింది. "ఏడు" అంది. "నాను ఏడు మోసినాను. అది ఒకటి." "రేపు బండి ఉందా?" అంది.

"అమ్మా, నిన్ను కూడా…"

"ఇన్నానులే. బండి ఉందా నేదా సెప్పు."

అటక మీద గొడుగాయన నూనె సీసా సగం ఉంది. దాన్ని దించమని, పెరట్లో ఒలకబోయమంది. ఒలకబోశాను. ఆ మర్నాడే బయలుదేరాం. బండి కదిలేముందు వీధిలో ఒకావిడ సంచి పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. పదకొండు నెలల్లో మొదటి సంచి. విశాఖలో పురుడు పోసుకున్న కూతురి కోసమట. అమ్మ చెయ్యి చాపింది, అలవాటు. చాపి ఆగింది. "ఇప్పి సూపించమ్మా" అంది. ఆవిడ మొహం మాడిపోయింది. ముడి విప్పింది. లోపల రెండు పాత చీరల పొత్తిగుడ్డలు, వాము పొట్లం. అమ్మ ఆ ముడి మళ్ళీ తనే వేసి సంచి సీటు కింద పెట్టుకుంది. 

వకీలు దగ్గర అమ్మ, తను చెప్పిందంతా రాశారో లేదో నా చేత రెండుసార్లు చదివించుకుని, నన్ను కళ్ళద్దాలు అడిగి తీసుకుని సంతకం పెట్టింది. దాని వల్ల పిన్ని బయటికొస్తుందో, అమ్మ లోపలికి వెళ్తుందో ఆయనా చెప్పలేకపోయాడు. వచ్చే నెల వాయిదా.

అక్కడి నుంచి జైలుకు వెళ్ళాం. జాలీ అవతల అమ్మను చూడగానే పిన్నికి సంగతి అర్థమైపోయింది. పాత గొంతు వచ్చేసింది. "ఓలమ్మో! నీకేటి పొయ్యేకాలమప్పా! ఈ వయసులో నీకెందుకే ఇది? ఒసే అమ్మీ, సెప్పొద్దన్నాను గదే నీకు!" గదిలో అందరూ మా వైపు తిరిగారు.

"అరవకు" అంది అమ్మ. "ఆ సంచి నాదే. నాను దించితే నీ బుట్టలోకొచ్చినాది. నాను ఇంట్లో కూకుంటే నువ్విక్కడెలగుంటావే?"

పిన్ని జాలీ పట్టుకుని ముక్కు ఎగబీల్చింది. "మోకాళ్ళెలగున్నాయప్పా?" అని అడిగింది.

సంతలో ఉల్లిపాయల పక్కన విన్న అదే మాట. 

"నొప్పే. నిలబడనేకపోతన్నాను" అంది అమ్మ.

ఆ గదిలో కుర్చీ లేదు. అడిగితే ఇవ్వరు. నేను అమ్మ పక్కన నేల మీద మోకాళ్ళూని భుజం ఇచ్చాను. అమ్మ తన బరువంతా నా మీద వేసి నిలబడి పిన్నితో మాట్లాడింది, వీధి సంగతులు, చింతపండు ధర, పెరట్లో పిన్ని వేసిన కరివేపాకు మొక్క. వాళ్ళ మాటలు వింటూ, టైమైపోయిందని చెప్పేదాకా నేను అక్కడి నుంచి కదల్లేదు.